ఊపిరి కావలి



మనుష్యుడు ఒక అహోరాత్రమున 21,600 మారులు శ్వాసించునని మన యోగశాస్త్రములు లెక్క కట్టినవి. నిమిషమునకు 15 చొప్పున 24 గంటలకు గుణించి చూడుడు. సరిగా ఆ సంఖ్యయే వచ్చును. నేటి వైద్యులు గడియారము చేతబట్టి లెక్కించినను, నెమ్మదిగా కూర్చున్న ఆరోగ్యవంతుడు నిమిషమునకు 12 మొదలు 18 మారుల వరకు శ్వాసించునని చెప్పుచున్నారు. మన పెద్దలు దీనికి అజపయని పేరు పెట్టిరి. అనగా మనము జపింపకయే జరుగు జపము. మనము జపింపనిచో జపించువాడెవడు? గాఢనిద్రలో మనకు ఒడలు తెలియదు, ఐనను ఊపిరి తప్పదు. మెట్టు లెక్కునప్పుడు దాని వేగమును పెంచువాడెవడు, అరుగుపై చేరగిలబడగనే తగ్గించువాడెవడు?

ఈ ప్రశ్న వేడుక కొరకు వేసినది కాదు. పాడుబావిలో దిగిన ఒకడు కూలుట, వానిని పైకి తీయబోయిన రెండవవాడును కూలుట, ఆ యిద్దరి కొరకు దిగిన మూడవవాడు తిరిగి రాకుండుట మనము తరచుగా వినుచున్న వార్తయే. చనిపోయినవారు తెలివితక్కువవారు కారు. పలువురు ఆ బావిలో అంతకు ముందు పదిమారులు దిగి వచ్చినవారే. వారి దేహములోని కావలివాడు కేక వేయవలసిన వేళ వేయలేదు, లేదా వేయునప్పటికి కాలుసేతులు స్వాధీనము తప్పినవి. ఆ కావలివాని స్వభావమెట్టిదో తెలిసినచో ఇట్టి చావులలో పెక్కింటిని ఆపవచ్చునని నా నమ్మకము.

మొదట ఒక చిన్న పరీక్ష. కూర్చున్నచోటనే, గుండె జబ్బు లేనివారు, ముక్కు మూసికొని ఊపిరి బిగబట్టుడు. 20 సెకండ్లు సుఖముగా గడచును. 40 సెకండ్లకు రొమ్ములో ఏదియో గింజుకొనును. నిమిషము దాటునప్పటికి సాధన లేనివారిలో పెక్కురకు నోరు దానంతట అదియే తెరచుకొనును. ప్రాణవాయువు చాలకనే ఇట్లగుచున్నదని మనలో పెక్కురు తలంతురు. కాని ఆ సమయమున మీ నెత్తుటిలో ప్రాణవాయువు ఇంకను చాలినంత యున్నది. మిమ్ము గింజుకొనజేసినది లోపల చిక్కుకొని బయటికి పోలేకున్న వేరొక వాయువు.

మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్, నూటికి 21 పాళ్లు కలదు. కార్బన్ డయాక్సైడు పదివేలలో నాలుగు పాళ్లు మాత్రమే. పాత పాఠ్యపుస్తకములు దీనిని బొగ్గుపులుసు వాయువనెడివి. ఆ పేరే నాకు ఇష్టము, కారణము ముందు చెప్పెదను. మనము విడుచు గాలిలో మొదటిది నూటికి 16 పాళ్లకు తగ్గును, రెండవది 4 పాళ్లకు పెరుగును. తిన్న అన్నము దేహములో మెల్లగా మండగా పుట్టిన పొగ వంటిది ఈ బొగ్గుపులుసు వాయువు. మన కావలివాడు పొయ్యిలో కట్టెలున్నవా యని ముందుగా చూడడు. వంటయింట పొగ నిండినదా యని చూచును. పొగ పెరిగినచో గాలి ఎక్కువగా ఆడించును, తగ్గినచో తగ్గించును.

దీనిని తేటతెల్లము చేసినవారిలో ముఖ్యుడు జాన్ స్కాట్ హాల్డేను అను స్కాట్లండు దేశీయుడు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో పనిచేసెను. బొగ్గుగనులలో ప్రేలుడు సంభవించినప్పుడు కూలీలు దేనిచే చనిపోవుచున్నారో కనుగొని, గనులలోనికి చిన్న పిట్టలను తోడు కొనిపోవుడని సలహా చెప్పినవాడు ఆయనయే. మనిషికంటె ముందుగా విషవాయువునకు పిట్ట సొమ్మసిల్లును. ఆయన ఏ వాయువు గుణమును తెలిసికొనదలచినను ముందు తాను పీల్చి చూచెడివాడు. మూసిన పెట్టెలో కూర్చుండి తన చెడుగాలిని తానే గంటలకొలది పీల్చి, లోపల తనకేమగుచున్నదో వ్రాసికొనెడివాడు. శాస్త్రము పేర చేసిన ఇట్టి సాహసములను నేను మెచ్చుకొందును గాని ఎవరికిని సలహా ఇయ్యను.

ఆ పరీక్షలలో తేలినది యిది. విడిచిన గాలినే మరల మరల పీల్చునట్లు ముక్కునకు సంచి కట్టినచో కొద్ది నిమిషములలో రొప్పు పుట్టును, తల పగులునట్లుండును, మనిషి సంచిని తానే లాగి పారవేయును. అదే సంచికి ఒక సున్నపుపొడి డబ్బాను చేర్చి బొగ్గుపులుసు వాయువు అందులో ఇంకిపోవునట్లు చేసినచో రొప్పు పెద్దగా రాదు. లోపల ప్రాణవాయువు తరిగిపోవుచునే యుండును; పెదవులు నీలి తిరుగును; మాట తడబడును. నాకేమియు లేదు, బాగుగానే యున్నానని చెప్పుచు చెప్పుచు మనిషి ఒరిగిపోవును. కట్టెలు అయిపోయినను పొగ లేదు గనుక కావలివాడు కేక వేయలేదు.

తరువాత 1905లో హాల్డేను, ఆయన శిష్యుడు ప్రీస్ట్లీ కలసి, గట్టిగా ఊపిరి విడిపించి ఆ విడుపులోని చివరి గాలిని పట్టి కొలిచిరి. ఆ చివరి గాలి ఊపిరితిత్తుల లోపలి చిన్న గదుల నుండి వచ్చునది. స్కాట్లండులోని బెన్ నెవిస్ కొండ నెత్తమునను, కార్న్‌వాల్ సీమలోని లోతైన తగరపు గని అడుగునను కూడ కొలిచిచూచిరి. ఆ గదులలో బొగ్గుపులుసు వాయువు ఒత్తిడి ఒకే మనిషిలో ఎక్కడ చూచినను దాదాపు మారలేదు. అది నూటికి 0.2 పాలు మాత్రమే హెచ్చినను కూర్చున్న మనిషి పీల్చు గాలి రెట్టింపగునని వారి లెక్క. మన కంసాలి త్రాసు గురిగింజకు మొగ్గును. ఈ త్రాసు అంతకంటె నాజూకైనది.

ఈ త్రాసు ఎక్కడ నున్నది? మెదడు వెన్నుపాముతో కలియుచోట, పుర్రె అడుగున, రమారమి అంగుళము పొడవు గల భాగము కలదు. దీనిని మజ్జాముఖమందురు. మెదడులో పై భాగమును చాలవరకు తొలగించినను జంతువు ఊపిరి తీయుచునే యుండుననియు, ఈ మజ్జాముఖములో ఒక తావున గాయము తగిలినంతనే ఊపిరి నిలుచుననియు లెగల్వా అను ఫ్రెంచి వైద్యుడు 1812లో ప్రకటించెను. ఆ తావులోని మూలస్థానమును గుర్తించుటకు మరి 180 ఏండ్లు పట్టినది. 1991లో అమెరికాలో ఫెల్డ్‌మన్, స్మిత్ మున్నగువారు అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మజ్జాముఖము నుండి పలుచని ముక్క కోసి పాత్రలో నుంచగా, దేహము లేకున్నను ఆ ముక్క ఊపిరి తాళమును వేయుచునే యుండెను. ఎలుకలో ఆ కణములు కొన్నివేలు మాత్రమే. ఆ గుంపునకు వారు పెట్టిన పేరు ప్రీ-బోట్జింగర్. ఒక సభలో బల్లపై నున్న జర్మను ద్రాక్షసారా సీసా పేరు అది! ఇంతటి పుణ్యస్థలమునకు అట్టి పేరేమి యని మీరు నవ్వవచ్చును. నేనును నవ్వితిని.

తాళము వేయువారు వీరు. ఆ తాళమును హెచ్చించుటకు, తగ్గించుటకు పొగను చూచువారు వేరు. మజ్జాముఖపు ముందువైపు, పైపొరకు అంటి యున్న నాడీకణముల గుంపు ఒకటి అందులో ముఖ్యము. ఇక్కడనే ఆ పాత పేరు సార్థకమగుచున్నది. గోలీసోడా త్రాగినప్పుడు నాలుకను చురుక్కుమనిపించు పులుపు ఎక్కడిది? నీటిలో కలసిన ఈ వాయువుదే. నెత్తుటికిని మెదడులోని నీటికిని నడుమ ఒక గట్టి తెర కలదు. నెత్తుటిలోని ఆమ్లములు ఆ తెరను సులభముగా దాటలేవు. ఈ వాయువు మాత్రము గుడ్డలో నుండి పొగ వచ్చినట్లు దాటి, ఆవలి నీటిలో కలసి దానిని పులియజేయును. ఆ కణములు రుచి చూచునది ఆ పులుపునే. ఆ రుచి చూచుటకు వానిలో రెండు ప్రత్యేకమైన మాంసకృత్తులు కలవనియు, అవి రెండును లేని ఎలుకలు బొగ్గుపులుసు వాయువునకు దాదాపు చలింపవనియు 2015లో కనుగొనిరి.

పులుపు హెచ్చగనే ఆజ్ఞ వెన్నుపాములో దిగి, మెడలోని 3, 4, 5 నాడుల మూలముల నుండి బయలుదేరి, రొమ్మునకు కడుపునకు నడుమ గొడుగువలె నున్న కండరమును చేరును. ఆ గొడుగు క్రిందికి దిగినప్పుడు గాలి లోపలికి వచ్చును. తాటిచెట్టు మీద నుండి పడి మెడ పైభాగము విరిగిన గీతవాడు అక్కడికక్కడనే ప్రాణము విడుచుటకు కారణమిదియే. కావలివాడు బ్రతికియున్నను వాని కేక క్రిందికి చేరదు.

పుట్టుకతోనే ఈ పులుపు తెలియని శిశువులు అరుదుగా కలరు. మెలకువగా ఉన్నంతసేపు వారు శ్వాసింతురు. నిద్ర పట్టగనే ఊపిరి మందగించును, ఒక్కొక్కప్పుడు నిలిచిపోవును. అట్టి బిడ్డలకు ప్రతి రాత్రియు యంత్రముచే ఊపిరి ఆడించవలెను. తలిదండ్రుల నుండి వచ్చు సూత్రములలో ఏ ఒక్కటి చెడుటచే ఇట్లగునో 2003లో తెలిసెను. మనము కన్ను మూయుటలో ఎవనిపై ఎంత భారము వేయుచున్నామో ఆ బిడ్డల తల్లులకు తెలిసినంతగా ఏ శాస్త్రజ్ఞునికిని తెలియదు.

ప్రాణవాయువును చూచువాడు అసలే లేడా యని మీరడుగవచ్చును. కలడు, కాని వాని కొలువు మెదడులో కాదు, మెడలో. దవుడ క్రింద వ్రేలు పెట్టినచో నాడి కొట్టుకొనుచోట పెద్ద ధమని రెండుగా చీలును. ఆ చీలికలో ఇరువైపుల బియ్యపుగింజంత కండ ఒక్కొక్కటి కలదు. ఎంతో కాలము అది యెందులకో ఎవరికిని తెలియలేదు. 1920 తరువాత మాడ్రిడ్ నగరమున ఫెర్నాండో దె కాస్ట్రో అను స్పెయిను దేశీయుడు సూక్ష్మదర్శినిలో దాని నాడులను ఓపికగా చిత్రించి, నెత్తుటి రుచి చూచుటకే ఇది ఏర్పడినదని ఊహించెను. బెల్జియములోని ఘెంట్ నగరమున కోర్నీల్ హైమన్సు కుక్కలపై చేసిన పరీక్షలచే దానిని నిరూపించెను: మెదడునకు మంచి నెత్తురే పోవుచున్నను, ఆ గింజకు మాత్రము ప్రాణవాయువు తగ్గిన నెత్తురు పారించినచో ఊపిరి వేగమగును. హైమన్సునకు 1938వ సంవత్సరపు నోబెలు బహుమానము వచ్చినది. దె కాస్ట్రోకు రాలేదు; ఆ ఏండ్లలో ఆయన దేశము అంతర్యుద్ధములో మండుచుండెను. బహుమానము ఇద్దరికిని పంచవలసినదని చెప్పువారితో నేనేకీభవింతును.

ఈ మెడ కావలివాడు నెమ్మదస్థుడు. నెత్తుటిలో ప్రాణవాయువు ఒత్తిడి సాధారణముగా పాదరసపు కొలతలో 95 మిల్లీమీటర్ల దాపున నుండును. అది 60కి దిగువకు పోవువరకు వాడు గట్టిగా అరవడు. వాడు అరచి ఊపిరిని వేగపరచినను మరియొక చిక్కు వచ్చును. ఊపిరి వేగమైనచో పొగ తగ్గును. పొగ తగ్గగనే మజ్జాముఖములోని పెద్ద కావలివాడు, 'ఇంక చాలు, నిదానింపు'మని ఆజ్ఞాపించును. ఇద్దరధికారులు ఒకే బండికి రెండువైపుల పగ్గములు పట్టినట్లగును.

ఈ తగవును కన్నులార చూడదలచినచో కేదారనాథమునకు పోవలెను. ఆ క్షేత్రము 3,583 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడి గాలిలో ప్రాణవాయువు ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో మూడింట రెండు వంతులే. మన ప్రాంతపు వృద్ధులు యాత్రకు పోయి, రాత్రి నిద్రలో ఒకరినొకరు చూచి భయపడుదురు. పడుకొన్నవాని ఊపిరి క్రమముగా పెరిగి పెరిగి, తగ్గి తగ్గి, పూర్తిగా నిలిచిపోవును. పది పదునైదు సెకండ్లు చలనముండదు. ఇంతలో ఒక పెద్ద నిట్టూర్పుతో మరల మొదలగును. మెడవాడు తొందరపెట్టగా ఊపిరి హెచ్చినది, పొగ పోయినది, మజ్జాముఖమువాడు ఆపివేసినాడు, ఆగగా మరల పొగ నిండినది, మరల మొదలైనది. ఎత్తైన చోట నిద్రలో ఇది సహజమే, ఇంతమాత్రమున ఎవరును కంగారు పడనక్కరలేదు. కాని ఊరక కూర్చున్నను ఆయాసము తగ్గకున్నను, దగ్గులో నురుగు వచ్చినను, మనిషి తికమకగా మాటలాడినను, నడక తూలినను, తెల్లవారువరకు ఆగక ఆ మనిషిని క్రిందికి దింపవలెను. దర్శనము మరి యొక యేడు చేసికొనవచ్చును. సముద్రతీరపు పల్లెలో, గుండె నీరసించిన వృద్ధునిలో ఇట్టి ఊపిరియే కనబడినచో అది వేరు సంగతి, వైద్యునికి తెలుపవలెను.

ఎత్తు అనగానే జెనిత్ అను గాలిగుమ్మటపు కథ చెప్పకుండలేను. 1875 ఏప్రిల్ 15న పారిసు నుండి టిసాండియే, క్రోసే-స్పినెల్లీ, సివెల్ అను మువ్వురు ఫ్రెంచివారు దానిలో ఆకాశమున కెక్కిరి. వారి యొద్ద ప్రాణవాయువు నింపిన సంచులు కలవు. అవసరమైనప్పుడు పీల్చుకొందమని చేరువనే వ్రేలాడగట్టుకొనిరి.  టిసాండియే తరువాత వ్రాసిన వృత్తాంతమును బట్టి చూడగా అతనికి బాధయే కలుగలేదు; పైగా లోలోపల ఒక విధమైన సంతోషము కలిగినది. సంచి గొట్టమును అందుకొందమనుకొన్నప్పుడు చేయి లేవలేదు. కేక వేయుదమనుకొన్నప్పుడు నాలుక ఆడలేదు. గుమ్మటము దానంతట అది దిగినప్పుడు తక్కిన యిద్దరును చనిపోయి యుండిరి. టిసాండియే బ్రతికెను గాని చెవుడు వచ్చెను. ప్రాణవాయువు చేతికందు దూరములోనే యుండి దానిని అందుకొనవలెనను బుద్ధి సమయమునకు పుట్టకుండుట చూచితిరా! ఆ బుద్ధి పుట్టవలసిన మెదడే ముందుగా మసకబారును. ఈ చావులోని మోసమంతయు ఇందులోనే యున్నది.

ఇదే మోసమును 2020, 2021 సంవత్సరములలో కరోనా జబ్బు మన యిండ్లలోనికి తెచ్చినది. వ్రేలికి తగిలించు పరికరము 80 చూపుచుండగా, 95కు పైగా ఉండవలసినచోట, రోగి మంచముపై కూర్చుండి నెమ్మదిగా మాటలాడుచుండెడివాడు. పెద్దగా ఆయాసము లేదు గదా యని ఇంటివారు ఆలస్యము చేసిరి. ఆ రోగుల ఊపిరితిత్తులు ప్రాణవాయువును లోనికి తీయలేకున్నను పొగను బయటికి పంపగలుగుచుండెను. కావున పెద్ద కావలివాడు మేల్కొనలేదు. ఆయాసము లేకుండుట క్షేమమునకు గుర్తు కాదని వైద్యులు అప్పుడు ఇల్లిల్లు తిరిగి చెప్పవలసివచ్చెను.

చుట్టలు, బీడీలు కాల్చి కాల్చి, లేదా ఏండ్ల తరబడి పొగపొయ్యి నూది ఊపిరితిత్తులు పాడైనవారి సంగతి దీనికి భిన్నము. వారిలో పొగ ఎల్లప్పుడు కొంత నిలువయుండును. నిత్యము మ్రోగు గంటకు చెవి అలవాటు పడినట్లు పెద్ద కావలివాడు ఆ పులుపునకు అలవాటు పడిపోవును. ఊపిరి నడచుటలో మెడ కావలివాని వాటా పెరుగును. అట్టివారికి ప్రాణవాయువును విచ్చలవిడిగా ఇచ్చినచో మెడవాడు నిద్రపోవును, ఊపిరితిత్తులలో నెత్తుటి పంపకమును మారును, పొగ ఇంకను పేరుకొని రోగి మగతలోనికి జారవచ్చును. అందుచే వైద్యులు వారికి పరికరములో 88 నుండి 92 వరకు చూపునట్లు కొలిచి ఇత్తురు. ఇంట సిలిండరు గలవారు రోగి నీరసముగా నున్నాడని మర త్రిప్పి పెంచుట మంచిది కాదు. అట్లని భయపడి అవసరమైనవానికి ప్రాణవాయువు మానిపించుటయు ప్రమాదమే. కొలత వైద్యునిది, మర త్రిప్పుట మాత్రమే మనది.

నల్లమందు గూర్చి ఒక్క మాట. ఏడ్చు బిడ్డకు ఆవగింజంత నల్లమందు పెట్టి నిద్రపుచ్చుట మన పూర్వపు వాడుక. బిడ్డ నిద్రపోవుట నిజమే. కాని ఇందాక చెప్పిన తాళము వేయు కణములపైనను ఆ మందు పనిచేయును. తాళము నెమ్మదించును, పులుపు హెచ్చినను కావలివాడు కదలడు. లెమ్మని కుదిపినను లేవక, నిమిషమునకు ఏడెనిమిది మారులు మాత్రమే ఊపిరి తీయుచు, కనుపాపలు సూదిమొనంత చిన్నవై యున్న మనిషిని చూచినచో వానిని నిద్రపోనిండని చెప్పువారి మాట వినక ఆసుపత్రికి కొనిపోవలెను. విరుగుడు మందు కలదు. అది చేరునంతవరకు ఊపిరి ఊదుచుండవలెను.

చెరువులో ఈత నేర్చిన కుర్రవాండ్రు ఎవడెక్కువసేపు మునుగునో యని పందెము వేసికొని, మునుగుటకు ముందు పది ఇరువది మారులు గబగబ గట్టిగా ఊపిరి తీయుదురు. ఇట్లు చేయుటచే ప్రాణవాయువు ఎక్కువ నిండునని వారి ఊహ. నెత్తుటిలో అది ముందే దాదాపు నిండియున్నది; కొత్తగా చేరునది అత్యల్పము. పోవునది పొగ. పైకి రమ్మని తరుము పులుపు చాల ఆలస్యముగా పుట్టును. అంతకు ముందే ప్రాణవాయువు తరిగి, ఏ బాధయు తెలియకయే నీటి నడుమ స్మృతి తప్పును. గజయీతగాండ్రు కూడ ఇట్లే మునిగి పోయినారు. పందెము మాన్పుట మీకు చేతకాకపోయినను ఆ గబగబ ఊపిరిని మాన్పవలెను.

ఇక బావి. ఆకు అలములు కుళ్లిన పాడుబావిలోను, ధాన్యపు పాతరలోను బొగ్గుపులుసు వాయువు పుట్టుచుండును. ధాన్యము కూడ మనవలె ఊపిరి తీయునదే; మూసిన పాతరలో నెలల తరబడి ప్రాణవాయువును తినివేసి పొగను విడుచును. ఈ వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది గనుక నీరువలె అడుగున నిలుచును. మెల్లగా దిగువానికి మొదట రొప్పు తెలియవచ్చును. కాని నాలుగు నిట్రాటల లోతునకు త్రాడు పట్టి జారిన వానికి, నూటికి పది పాళ్లు దాటిన ఆ వాయువు ఎక్కువ గడువియ్యదు. రొప్పు పుట్టి గట్టిగా పీల్చుకొలది విషమే ఎక్కువగా లోనికి పోవును. బురద కుళ్లిన మురుగుగుంటలలోను, మూతవేసి తుప్పుపట్టిన ఇనుప తొట్లలోను గతి వేరు. అక్కడ పొగ లేకుండనే ప్రాణవాయువు లేకుండవచ్చును. కావలివాడు కేకయే వేయడు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి కలదు. ఊపిరి బిగబట్టినవాడు నిమిషము నిలువగలడు గదా, నేనును గభాలున దిగి అన్నను లాగుకొని వచ్చెదనని తమ్ముడు తలచును. బిగబట్టినవాని ఊపిరితిత్తులలో పైనుండి తెచ్చుకొన్న ప్రాణవాయువు నిలువయుండును, అందుచే నిమిషము నిలుచును. కాని బరువు మోయుచు బిగబట్టుట ఎవనితరము కాదు. ఒక్క గ్రుక్క పీల్చక తప్పదు. ప్రాణవాయువు లేని గాలిని పీల్చినచో ఆ నిలువ కొట్టుకొనిపోవును. పైగా నెత్తుటిలో నున్నదియు వెనుకకు ఊపిరితిత్తులలోనికి వచ్చి బయటికి పోవును. అట్టి గాలిని రెండు మూడు మారులు పీల్చినవాడు 10, 15 సెకండ్లలో స్మృతి తప్పును. తమ్ముడు అన్నపై పడుటకు ఆ కాలము చాలును.

మా తాతల నాడు పాతర తెరచినప్పుడు ఒక పూట మూత తీసియుంచి, తరువాత త్రాడుతో దీపము దింపి, అది ఆరినచో దిగకుండుట నేనెరుగుదును. మంచి ఆచారమే. ప్రాణవాయువు నూటికి 16, 17 పాళ్లకు తగ్గినచో దీపమారును. కాని దీపము వెలుగుచున్నదని దిగుట క్షేమము కాదు, దీపమునకు తెలియని విషవాయువులు కొన్ని కలవు. మురుగుగుంటలోనికి, పేడ గ్యాసు తొట్టిలోనికి దీపమును దింపనే కూడదు. అక్కడి వాయువు అంటుకొని ప్రేలును. మురుగుగుంటలలో మనుష్యులను రక్షణ సామగ్రి లేకుండ దింపి శుభ్రపరచుటను 2013 నాటి చట్టము నిషేధించినది కూడ. ఆ పని యంత్రములకు వదలుడు.

బావిలో దిగక తప్పనప్పుడు దిగువాని చంకల క్రింద మోకు కట్టి, దాని కొనను పైన ఇద్దరు బలవంతులు పట్టుకొని, మాటలాడించుచు దింపవలెను. మాట తడబడినను, బదులు రాకున్నను, వాని అనుమతి కొరకు చూడక లాగవలెను; బాగుగానే యున్నానని వాడు లోపలినుండి చెప్పినను నమ్మరాదు. మోకు లేకుండ కూలినవాని కొరకు రెండవవానిని దిగనీయక, ఊరి పెద్దలైన మీరు బావి గట్టున చేతులడ్డము పెట్టి నిలువుడు. అగ్నిమాపక దళమునకు 101 గాని, 112 గాని ఫోను చేయుడు. వారియొద్ద ప్రాణవాయువుతో కూడిన ముఖతొడుగులు కలవు. వారు వచ్చులోపల పైనుండి గాలి కొట్టు యంత్రమున్నచో దాని గొట్టమును అడుగువరకు దింపి మంచి గాలిని పంపుచుండుడు. బయటికి తీసిన మనిషి ఊపిరి తీయకున్నచో వెల్లకిల పరుండబెట్టి, గడ్డము పైకెత్తి, నోటిలో నోరు పెట్టి ఊదుడు. గుండెయు ఆగినట్లున్నచో రొమ్ము నడుమ 30 మారులు గట్టిగా అదిమి, రెండు మారులు ఊదుచు, దళమువారు చేరువరకు మానక చేయుచుండుడు.